వంశావళిలో ఖాళీ పేర్లు

సోమవారం. ఏడో వార్డు ఒరుగు రెండు వేళ్ళు.

ఈ లాగ్‌లో పనికి సంబంధించినవి తప్ప సొంత గోల రాయకూడదని మా కంట్రోల్ రూమ్ పెద్ద వైకుంఠరావు గారు నాకు చాలాసార్లు చెప్పారు. అందుకని పనికి సంబంధించినదే రాస్తున్నాను. పొద్దున్న ఏడో వార్డు తనిఖీకి వెళ్ళి టీకొట్టు ముందు కూర్చుంటే, బల్ల మీద పెట్టిన గ్లాసు జారి నా ఒళ్ళో పడింది. టీ మరుగుతోంది. నా అరుపుకి కొట్టు దాలమ్మ నవ్వేసింది.

"గ్లాసు కింద ఎట్టకే పిల్లా. వారం బట్టీ ఇదే తంతు. సేత్తో అట్టుకుని తాగాల."

చుట్టూ చూస్తే అందరూ గ్లాసులు చేత్తోనే పట్టుకుని తాగుతున్నారు. ఎవరికీ ఇది వింతగా లేదు. నేను మాత్రం పళ్ళెంలో నీళ్ళు పోయించి చూశాను. తూర్పు అంచున నీళ్ళు రెండు వేళ్ళు ఎక్కువ లేచాయి. సముద్రం మీద తేలే మా నీటిపేటలో వార్డు ఎంత వంగిందో, అంటే ఒరుగుని, ఇలాగే వేళ్ళతో కొలుస్తాం. మీటర్లు ఉన్నాయి కానీ వాటిని నమ్మేవాళ్ళు తక్కువ.

కంట్రోల్ రూమ్‌కి వచ్చి చెబితే వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అలా చేస్తే చెడ్డ కబురు ఉందని అర్థం.

"శనివారం రాత్రికి తుఫాను అంటున్నారమ్మా. కమిటీ పొద్దున్నే తీర్మానం చేసింది. ఆలోగా ఒరుగు నాలుగు వేళ్ళకి చేరితే ఏడో వార్డుని వదిలెయ్యాలి. జనాన్ని ముందే తెచ్చేస్తారు. వంతెనలు కోసేస్తారు."

"ఇళ్ళో సార్?"

"ఒరిగిన వార్డు గాలివానలో పక్క వార్డుల్ని గుద్దుతుంది పైడీ. పదకొండు వార్డులు మిగలాలంటే ఒకటి పోవాలి. ఇళ్ళు సముద్రానికే."

ఏడో వార్డులో మా అక్క నూకరత్నం ఇల్లుంది. రెండేళ్ళ కిందట పడవతో సహా కనబడకుండా పోయిన మా బావ ఎల్లాజి కట్టిన ఇల్లు. ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా అక్క ఒక్క పూట ఉండదు. ఆ మాట వైకుంఠరావు గారికీ తెలుసు. అందుకే కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు.

అడుగున మునిగి చూసి వచ్చినవాళ్ళు పగులేమీ లేదన్నారు. నా తెర మీద ఏడో వార్డు మోటార్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ప్రతి ఇంటి కిందా అడుగు గదిలోకి ఊరే సముద్రపు నీళ్ళని ఇంటి మోటారు బయటికి తోడాలి. తోడమని అడిగిన ప్రతిసారీ ప్రతి మోటారూ "పని పూర్తయింది" అనే జవాబిస్తోంది. అన్నీ పని చేస్తుంటే వార్డు ఎందుకు మునుగుతోంది? తప్పు ప్రోగ్రామ్‌లోనే ఉండాలి. దాన్ని వెతకాల్సింది నేను.


మంగళవారం. రెండున్నర వేళ్ళు.

వెతకడం సంగతి దేవుడెరుగు, ముందు చూడడానికే వీల్లేదు.

నీటిపేట ప్రోగ్రామ్ అంతా క్లాసులుగా, అంటే ఒక్కో మోటారు ఏం చెయ్యాలో చెప్పే ఆజ్ఞల కట్టలుగా ఉంటుంది. ఎడిటర్‌లో ఎడమవైపు ఉండే క్లాసుల వరసని మేము వంశావళి అంటాం. పైన "మోటారు" అనే తల్లి, దాని కింద "ఇంటి మోటారు", ఆ కింద ప్రతి ఇంటికీ ఆ ఇంటిపేరుతో ఒక పిల్ల. పిల్ల తల్లి చెప్పినట్టే చేస్తుంది. తనకంటూ ఏమైనా రాసుకుంటే మాత్రం తను రాసుకున్నదే చేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మా వాళ్ళు పెళ్ళయితే ఒక కొత్త క్లాసు పెడతారు, అన్నదమ్ములు వేరుపడితే రెండు పెడతారు, పాతది ఒక్కటీ తియ్యరు. ఇంటిపేరు చెరిపితే వంశం చెరిపినట్టే అని పట్టింపు. అలా పేర్లు పుట్టగొడుగుల్లా లేచి, ఏడో వార్డు ఒక్కదాన్నే తెరిస్తే గీత కింద గీత, కొమ్మ కింద కొమ్మ, కిందికి లాగుతూ లాగుతూ వేలు నొప్పెట్టింది. సగానికి వచ్చేసరికి మొదట ఏం చూశానో మర్చిపోయాను. లేచి నడిచాను. మళ్ళీ కూర్చున్నాను. కొరకడానికి గోళ్ళు అయిపోయాయి.

"కాస్త నిలకడగా కూర్చోమ్మా. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు వైకుంఠరావు గారు.

నిలకడట. శనివారానికి మా అక్క ఇల్లు సముద్రంలోకి పోతుంటే నిలకడగా కూర్చోవాలట.

మధ్యాహ్నానికి ఒక ఉపాయం తట్టింది. ఈ పేర్లలో చాలా వాటి లోపల ఏమీ లేదు. పేరు ఉంది, పని లేదు. చెయ్యాల్సిన పని రాసిన గీత ఒక్కటైనా ఉన్న క్లాసునే చూపించి, మిగతావి దాచేలా ఒక జల్లెడ రాశాను. చెరపలేదు, దాచానంతే. మీట నొక్కగానే వంశావళి బక్కచిక్కి చక్కగా ఒక్క తెరలో ఇమిడిపోయింది. ఇన్నేళ్ళుగా ఈ పని ఎవరూ ఎందుకు చెయ్యలేదో అనుకున్నాను. నా భుజం నేనే తట్టుకున్నాను.

పావుగంటలో గోల మొదలైంది. వంశావళిని కింద హాల్లో గోడ తెర మీద కూడా చూపిస్తారన్న సంగతి నాకు గుర్తులేదు. జనం వచ్చి వాళ్ళ పేర్లు చూసుకుని పోతుంటారు. రెండో వార్డు నుంచి సూరాడ వారి తాత కర్ర పొడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏటమ్మా, మా పేరెక్కడ? నాను బతికే ఉన్నాను గదా?"

"పేరు ఉంది తాతా. దాచానంతే. వెతకడానికి అడ్డం వస్తోందని."

"అడ్డమా? మా అయ్య పేరు నీకడ్డమొచ్చినాదా?"

వైకుంఠరావు గారు ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. హాలు తెర ఆపించేశారు. నా తెర మీద జల్లెడ ఉంచమన్నారు.


బుధవారం. మూడు వేళ్ళు.

జల్లెడలో మిగిలిన ప్రతి క్లాసూ చదివాను. గీత గీతా చదివాను. తప్పు లేదు. ఎవరో మోటారు వేగం తగ్గించుకున్నారు, ఎవరో మధ్యాహ్నం కునుకు వేళ ఆగేలా పెట్టుకున్నారు, అవేవీ వార్డుని ముంచేవి కావు. తప్పు దొరికితే భయం పోతుందనుకున్నాను. దొరక్కపోయేసరికి ఇంకా పెరిగింది.

ఆఫీసులో ఉండలేక అక్క ఇంటికి పోయాను. ఏడో వార్డు వంతెన మీద నడుస్తుంటే ఒక కాలు పొట్టి అయినట్టుంది. తూర్పు అంచున ఉన్న వరసలో మొదటిది అక్కదే. బావ సరంగుగా, అంటే పడవ నడిపే పెద్దగా, ఉన్న పడవలో పని చేసినవాళ్ళ ఇళ్ళన్నీ ఆ వరసలోనే ఉంటాయి. ఒక పడవ వాళ్ళు ఒక వరసలో ఉండడం మా దగ్గర పద్ధతి. దాలమ్మ ఇల్లూ అక్కడే. ఆమె చిన్నకొడుకు కూడా ఆ పడవలో వెళ్ళినవాడే.

అక్క ఎండుచేపలు గోనెలోకి ఎత్తుతోంది. గుమ్మం దగ్గర మూటలేమైనా కట్టిందా అని చూశాను. ఒక్కటీ లేదు.

"అక్కా, రేపటినుంచి సామాను మోయించడానికి మనుషులొత్తారు. నువ్వు నా గదికి వొచ్చెయ్యి."

"నానెక్కడికీ రాను."

"వార్డు వొదిలేత్తారంట అక్కా."

"వొదిలితే వొదలనీ. నీ బావ ఒడ్డుకొచ్చి ఇల్లు నేకపోతే ఎక్కడికెల్తాడు? మూడో వార్డులో నీ గది ఆయనకి తెలుసా?"

పడవ దొరకలేదు. మనిషి దొరకలేదు. అక్క మెడలో తాడు అలాగే ఉంది. దినం చెయ్యమని అడిగిన పెద్దవాళ్ళని వాకిట్లోనుంచే పంపేసింది.

"సేపల ఏట నుంచి వొచ్చినాడంటే ముందు కిందికెల్లి మోటారు తిప్పేవోడు" అంది చేపలు దులుపుతూ. "ఇల్లు తేలాల గదే అనేవోడు. ఆ తరవాతే నన్ను పలకరించేవోడు. మోటారు మోగితే వరసంతా తెలిసేది, సరంగొచ్చినాడని."

చేపల పులుసు పెట్టింది. తిని అక్కడే చాప మీద ఒరిగాను. సోమవారం తర్వాత మొదటిసారి కన్ను మూతపడింది. నా గదిలో కింద మోటారు రోజంతా గుర్రుమంటూనే ఉంటుంది. అక్క ఇంట్లో ఆ మోత లేదు. చెవులకి ఎంత హాయిగా ఉందో. గంటసేపు నిద్రపోయి, లేచి, ఆఫీసుకి వచ్చి, మళ్ళీ ఆ తెర ముందే కూర్చున్నాను. అంత మొద్దుని నేను.


గురువారం. మూడు వేళ్ళు దాటింది.

పొద్దున్న వార్డు పటం తెచ్చి తెర పక్కన పెట్టాను. వంశావళిలో కనబడే ఒక్కో ఇంటినీ పటం మీద పెన్సిలుతో కొట్టేస్తూ పోయాను. ఏదో ఒకటి చేస్తుండాలి, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. పని అయ్యాక చూస్తే పటం మీద అక్కడక్కడా కొన్ని ఇళ్ళు మిగిలాయి. పేరు తప్ప ఏమీ లేని ఇళ్ళు గనక జల్లెడలో పోయుంటాయి. కానీ తూర్పు అంచున ఒక వరసకి వరస మిగిలింది. అక్క వరస. ఎనిమిది ఇళ్ళు, ఒక్కటీ నా తెర మీద లేదు.

జల్లెడ తీసేశాను. పేర్ల గుంపు మళ్ళీ విరుచుకుపడింది. అందులో మా బావ పేరు, "గరికిన ఎల్లాజి", వెతికి తెరిచాను.

లోపల "తోడు" అని ఒక్క ఆజ్ఞ రాసి ఉంది. దాని కింద ఖాళీ. వరసలో మిగతా ఏడూ చూసి మళ్ళీ ఇక్కడికే వచ్చాను, అన్నిట్లోనూ అంతే.

ఏమీ రాసుకోని క్లాసు వేరు, ఇది వేరు. ఏమీ రాసుకోకపోతే తల్లి చెప్పినట్టు నీళ్ళు తోడుతుంది. "తోడు" అని పేరు రాసుకుని లోపల ఖాళీ వదిలితే, ఆ ఖాళీనే నడుపుతుంది. అంటే ఏమీ చెయ్యదు. చెయ్యకుండానే పని పూర్తయిందంటుంది, ఎందుకంటే అందులో చెయ్యాల్సిన పనే లేదు. నా జల్లెడకి ఈ రెండు ఖాళీలకీ తేడా తెలియదు. తేడా నేర్పాల్సిన దాన్ని నేను. దేనికోసం వెతుకుతున్నానో సరిగ్గా దాన్నే దాచేసి, రెండు రోజులు మిగతావి చదువుతూ కూర్చున్నాను.

ఇది ఎవరి పొరపాటూ కాదని కూడా అప్పుడే అర్థమైంది. ఇది మైల. మా దగ్గర చావు జరిగిన ఇంట్లో మోటారు మోగకూడదు. ఇంటివాళ్ళే తమ క్లాసులో ఆ ఖాళీ రాసుకుంటారు. పక్కిళ్ళ మోటార్లు వాళ్ళ నీళ్ళు కూడా లాగుతాయి. చావింటికి అన్నం పంపినట్టే అది కూడా. పెద్ద దినం అయ్యాక ఆ ఖాళీని ఇంటివాళ్ళే చెరిపేస్తారు. మైల అంటే పదకొండు రోజులే అనుకున్నాను నేను. శవం దొరకని ఇంట్లో ఆ లెక్క మొదలే కాదని నాకు తోచలేదు. ఎనిమిది ఇళ్ళూ పడవ పోయిన వారం మోటార్లు ఆపాయి. రెండేళ్ళుగా ఆపే ఉంచాయి. అందరి నీళ్ళూ లాగీ లాగీ ఇప్పుడు పక్కిళ్ళ మోటార్లు అరిగిపోయాయి.

నా అనుమానం నిజమో కాదో చూడాలి. ఒకరి ఇంటి క్లాసుని ఇంకొకరు ముట్టుకోకూడదన్నది ఊరు కట్టిన రోజునుంచీ ఉన్న నియమం. కానీ ఏ క్లాసునైనా తెరిచి మార్చగల కంట్రోల్ రూమ్ తాళం నా దగ్గరుంది. ఒక్క నిమిషం చూసి మళ్ళీ ఎలా ఉన్నది అలా పెట్టేద్దామనుకున్నాను. తెర మీద తెరిచి ఉన్నది అక్క ఇల్లే. ఆ ఖాళీ తీసేశాను. గరికిన వారి అడుగు గదిలో నీటి మట్టం కదిలింది, దిగడం మొదలైంది. నేను కుర్చీలోంచి లేచి గెంతాను. వైకుంఠరావు గారి చేతులు పట్టుకుని ఊపేశాను. తర్వాత ఆ ఖాళీని మళ్ళీ యథాస్థానంలో పెట్టాను.

ఫోన్ మోగింది. అక్క.

"పైడీ, వొచ్చేసినాడే! మోటారు ఆడినాదే! నాను పొయ్యికాడున్నాను, కింద గుర్రుమన్నాది. కిందికెల్లే తలికే ఆపేసి బయటికెల్లినట్టున్నాడు. రేవుకెల్తన్నాను. నువ్వు బేగి రా!"

నేను ఏదో అనేలోపు పెట్టేసింది.

పరుగెత్తాను. మూడు వంతెనలు దాటి ఏడో వార్డు రేవుకి చేరేసరికి ఊపిరి అందలేదు. అక్క జుట్టు ఊడిపోయి ఉంది, చేతికి పిండి ఉంది. కట్టేసిన ప్రతి పడవలోకీ వంగి చూస్తోంది. మోటారు మోత విన్న వరసవాళ్ళందరూ ఆమె వెనకాలే వచ్చి నిలబడ్డారు. సరంగు వచ్చాడంటే వాళ్ళవాళ్ళూ వచ్చినట్టే కదా. దాలమ్మ కొట్టు తెరిచి పెట్టేసి వచ్చింది. ఆమె ముఖంలో ఆశ చూడలేకపోయాను.

"అక్కా."

"ఎటెల్లినాడే? నువ్వు సూసినావా?"

"అక్కా, బావ కాదు. నానే తిప్పినాను. ఆఫీసు కాడ నుంచి. ఏం తప్పుందో సూద్దారని."

అక్క నావైపు చూసింది. అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. పిండి చేతిని కొంగుకి తుడుచుకుని, నన్ను దాటుకుని ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుంది. మిగతావాళ్ళు ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉన్నారు.


శుక్రవారం. నాలుగు వేళ్ళకి గోరంత తక్కువ.

పొద్దున్నుంచి వంతెనల మీద మంచాలు, పెట్టెలు, కోళ్ళ గంపలు పోతున్నాయి. తూర్పు వరస నుంచి ఒక్క పెట్టె కూడా రాలేదు.

కమిటీ వాళ్ళు వెళ్ళిపోయాక వైకుంఠరావు గారు నన్ను పక్కకి పిలిచారు. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టే చెప్పారు.

"తాళం నీ దగ్గరుంది పైడీ. ఎనిమిది గీతలు. ఇక్కడినుంచే తీసెయ్. వార్డు బతుకుతుంది. తర్వాత నన్ను తిట్టుకోమను, పడతాను."

"నిన్న ఒక్క ఇంట్లో నిమిషం తిప్పితే ఏమైందో మీరు చూడలేదు సార్. ఈసారి ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తలుపులు తీసుకుని రేవుకి పరిగెత్తాలా?"

"ముందే చెప్పి తీద్దాం."

"చెప్పి తీస్తే మాత్రం? వాళ్ళ ఇంట్లో చావుని మనం ఆఫీసునుంచి తీర్మానం చేసినట్టు కాదా? నా వల్ల కాదు. మీకు తాళం ఇచ్చేస్తాను, మీరు తియ్యండి."

ఆయన తాళం తీసుకోలేదు. రేపు మధ్యాహ్నం వరకు వంతెనలు కొయ్యకుండా ఆపించగలనని, అంతకు మించి తన చేతిలో లేదని చెప్పారు.

దాలమ్మ దగ్గరికి పోయాను. నిన్నటి తర్వాత నాతో మాట్లాడుతుందో లేదో అనుకున్నాను. టీ ఇచ్చింది. గ్లాసు చేతిలోనే పెట్టింది.

"అత్తా, మీ ఇంటి మైల నువ్వు తీసెయ్యొచ్చు గదా? నీకెవరూ అడ్డం నేరు గదా?"

"నాను ఎప్పుడో తీసేద్దును. మా పిల్లోడు రాడని నాకు తెల్దేటి? పడవ పోయిన మూడో రోజే తెలిసినాది." కొట్టు బల్ల తుడుస్తూనే ఉంది. "సరంగు ఇంటోళ్ళు తియ్యకుండా మేమెలా తీత్తాం? సరంగు బతికున్నాడని ఆ ఇల్లాలు అంటంటే, నాను నా కొడుకుని సంపుకోవాలా? వరసలో అందరిదీ అదే మాట. నూకరత్నాన్ని అడగలేక ఊరుకున్నాం. రెండేళ్ళయినాది, మాలో ఒక్కలమూ గట్టిగా ఏడవనేదు."

అంటే రెండేళ్ళుగా వరస వరసంతా మా అక్క కోసం ఆగి ఉంది. ఆ సంగతి అక్కకి ఎవరూ చెప్పలేదు. నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి.

అక్క తలుపు కొట్టాను. తియ్యలేదు. తలుపుకి నోరు ఆనించి దాలమ్మ అన్నదంతా అన్నది అన్నట్టు చెప్పాను. చెప్పడం అయ్యాక ఇంకేం చెయ్యాలో తెలియక గుమ్మం ముందే కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చేశాను.


శనివారం. నాలుగు వేళ్ళు.

ఇక్కడ ఏం జరిగిందో వరసగా రాస్తాను. మళ్ళీ చదువుకోవడానికి కాదు. రాయకపోతే ఒక చోట కూర్చోలేకపోతున్నాను.

గాలి పొద్దున్నే మొదలైంది. వంతెనల దగ్గర కోత మనుషులు రంపాలు పట్టుకుని మధ్యాహ్నం కోసం చూస్తున్నారు. ఏది ఏమైనా అక్కని మోసుకొచ్చైనా తెచ్చుకోవాలని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అక్క తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పీట మీద కూర్చుని ఉంది. ఇల్లు ఎంత ఒరిగిందంటే పీట కింద ఒక పక్క రాయి పెట్టుకుంది.

"ఆ తెర తెచ్చినావా?"

"తెచ్చినాను."

"సూపించు. ఆయన పేరెక్కడుందో సూపించు."

వంశావళి చూపించే చేతి పలక తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. జల్లెడ లేదు. పేర్లన్నీ ఉన్నాయి. అక్క వేలితో ఒక్కో పేరూ జరుపుకుంటూ, పైకి చదువుకుంటూ వచ్చింది. నేను వేలు పెట్టి చూపించబోతే చెయ్యి తోసేసింది. గరికిన ఎల్లాజి దగ్గర ఆగింది.

"నీ తెర మీద ఆయన కనపడనేదా మరి?"

"దాసేసినాను అక్కా."

"ఏటి? ఎందుకు?"

"పేరుంది గానీ ఏ పనీ సెయ్యట్లేదని."

అక్క నవ్వినట్టు అనిపించింది. "ఏ పనీ సెయ్యకండానే రెండేళ్ళు ఈ వరసనంతా ఆపీసినాడు" అంది.

బయట ఏదో రేకు ఎగిరిపోయిన చప్పుడైంది. అక్క తల ఎత్తలేదు.

"ఇది తీసేత్తే పేరు పోద్దా?"

"పోదు. పేరు ఎక్కడుందో అక్కడే ఉంటాది. లోపలున్న కాళీయే పోద్ది. అందరిళ్ళలాగే నీళ్ళు తోడుతాది, అంతే."

"నువ్వు తియ్యకు. ఎలా తియ్యాలో సెప్పు."

చెప్పాను. అక్క బొటనవేలు తెర మీద ఆనించి, కళ్ళు మూసుకోకుండా, ఆ ఖాళీని తీసేసింది.

కింద మోటారు గుర్రుమంది. నేల సన్నగా అదిరింది. మోటారుని తిప్పింది తనేనని తెలిసి కూడా అక్క తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. గాలికి తలుపు కొట్టుకుంటోంది. గుమ్మంలో ఎవరూ లేరు.

కాసేపటికి లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. వరసలో అందరూ వాళ్ళ వాళ్ళ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. మోటారు మోత విని వచ్చారు, కానీ ఈసారి ఎవరూ రేవు వైపు పరిగెత్తలేదు. అక్కనే చూస్తున్నారు.

"దాలమ్మత్తా!" గాలిలో వినబడేలా అరిచింది అక్క. "తీసేసినాను! మీరూ తీసెయ్యండి! అందరూ దిగిపోండర్రా!"

పడవ ఒడ్డుకి తగిలినప్పుడు సరంగు తన మనుషులకి చెప్పే మాట అది. దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. కొంచెంసేపటికి ఆ ఇంటి కింద మోటారు మొదలైంది. దాని పక్కది. ఆ పక్కది. ఒక ఇంట్లో చాలా ఆలస్యమైంది, ఎవరూ తొందర పెట్టలేదు. చివరికి అదీ మొదలైంది. తూర్పు అంచున సముద్రంలోకి ఎనిమిది గొట్టాల నీళ్ళు దూకుతుంటే కోత మనుషులు రంపాలు కింద పెట్టి వచ్చి చూశారు.

వరసలో ఒక పెద్దావిడ అక్క దగ్గరికొచ్చి, చేతులు పట్టుకుని గాజుల వైపు చూసింది. అక్క చేతులు వెనక్కి లాక్కుంది.

"మోటారు వరకే పిన్నీ. ఇయ్యి నా ఇట్టం. నన్నెవరూ అడగొద్దు."

మధ్యాహ్నం దాటాక వైకుంఠరావు గారు ఫోన్ చేశారు. ఒరుగు మూడున్నర వేళ్ళకి దిగిందని, ఇంకా దిగుతోందని, కమిటీ వంతెనలు కొయ్యొద్దందని చెప్పారు. అక్కకి చెబుదామని లోపలికి వెళ్ళాను. కింద మోటారు ఉన్న మూల, నేల మీద కూర్చుని ఉంది. వీపు నావైపు ఉంది. దగ్గరికి వెళ్ళేదాకా ఏడుస్తోందని తెలియలేదు. అరిచి అరిచి ఏడుస్తోంది. మోటార్ల మోతలో ఆ గొంతు రెండడుగుల దూరానికి కూడా రావడం లేదు. నేను పక్కన కూర్చున్నాను. ఈసారి నాకు లేవాలనిపించలేదు.